పదవీ విరమణ డబ్బు 78 లక్షలు: ఒకేచోట ఉంచాలా, పంచి పెట్టాలా?

ప్రశ్న (విశాఖ కూర్మన్నపాలెం నుంచి)

అందరికీ నమస్కారం. ముప్పై మూడేళ్లు ఒక ప్రభుత్వ రంగ కర్మాగారంలో పనిచేసి, 2025 జూన్ నెలాఖరున పదవీ విరమణ చేశాను. భవిష్య నిధి, గ్రాట్యుటీ, సెలవుల తాలూకు డబ్బు, నేను విడిగా దాచుకున్నది అన్నీ కలిపి 78 లక్షలు ఉన్నాయి. నాకు 60 ఏళ్లు, మా ఆవిడకు 57. ఇల్లు సొంతం, అప్పులు లేవు, పిల్లలిద్దరి పెళ్లిళ్లు అయిపోయాయి. ఈపీఎఫ్ పెన్షన్ నెలకు 4,800 వస్తుంది. మందులతో కలిపి ఇంటి ఖర్చు 38 వేల దాకా అవుతోంది.

ప్రస్తుతం ఈ మొత్తం ఒకే బ్యాంకులో, మామూలు పొదుపు ఖాతాలో పడి ఉంది. ఆ బ్యాంకు ఉద్యోగి ఏటా ఐదు లక్షల చొప్పున పదేళ్లు కట్టే బీమా పాలసీ తీసుకోమంటున్నారు. భోగాపురం విమానాశ్రయం వస్తోంది కాబట్టి ఆ దారిలో రెండు సైట్లు కొని పడేయమని మా బావమరిది పట్టుబడుతున్నాడు. హైదరాబాదులో ఉన్న మా అబ్బాయి మ్యూచువల్ ఫండ్లు తప్ప మరొకటి వద్దంటున్నాడు. గాజువాకలో తెలిసినవారొకరు నూటికి రెండు రూపాయల వడ్డీ ఇస్తామని, ప్రామిసరీ నోటు రాసిస్తామని కబురు పంపారు. వడ్డీ రేట్లు చూస్తే తగ్గుతున్నాయి, ధరలు చూస్తే పెరుగుతున్నాయి, పేపరు తెరిస్తే సుంకాలు, యుద్ధాలు. ఏది పట్టుకోవాలో తెలియక మూడు నెలలుగా డబ్బు కదపలేదు. అనుభవం ఉన్నవారు దారి చూపగలరు.

సమాధానం (అక్కయ్యపాలెం నుంచి)

అయ్యా, నేను 2017లో పదవీ విరమణ చేశాను. ఆర్థిక సలహాదారును కాను. నా డబ్బుతో నేను చేసిన తప్పులు, తరువాత దిద్దుకున్న తీరు ఆధారంగా చెబుతున్నాను. మూడు నెలలు డబ్బు కదపకపోవడం వల్ల మీకు కొంత వడ్డీ పోయి ఉంటుంది గాని, అసలు పోలేదు కాబట్టి దానికి బాధపడకండి.

ముందుగా నోటు సంగతి. నూటికి రెండు రూపాయలంటే సంవత్సరానికి 24 శాతం. బ్యాంకు నుంచి అంతకన్నా చాలా తక్కువకు అప్పు తెచ్చుకోగలిగిన మనిషి మీకు 24 శాతం ఎందుకు ఇస్తాడు? బ్యాంకు ఇవ్వనన్న మనిషే ఇస్తాడు. ఆ కబురుకు మర్యాదగా వద్దని చెప్పి పంపండి. బీమా పాలసీ కూడా మీకు అక్కర్లేదు. మీ మీద ఆధారపడిన చిన్న పిల్లలు లేరు, జీతం ఆగిపోయిన మనిషి పదేళ్లు ప్రీమియం కట్టుకుంటూ పోవడంలో అర్థం లేదు. ఒకవేళ ఇప్పటికే సంతకం పెట్టి ఉంటే, పాలసీ పత్రం చేతికి అందిన 30 రోజుల్లోగా తిప్పి పంపి డబ్బు వెనక్కి తీసుకునే హక్కు మీకుంది.

సైట్ల విషయంలో మాత్రం కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే మన విశాఖలో అందరం పడే గోతి అదే. 2011లో నేను ఆనందపురం వైపు ఒక లేఅవుటులో 200 గజాల చొప్పున పక్కపక్కనే రెండు సైట్లు కొన్నాను. 2019లో మా ఆవిడకు గుండె ఆపరేషను అవసరమై ఒకటి అమ్మబోతే, వచ్చినవారందరూ లింకు డాక్యుమెంట్లు, ఈసీ (ఆ స్థలం మీద జరిగిన లావాదేవీలు చూపే పత్రం), లేఅవుటు అనుమతి కాగితాలు చూసి, ఆలోచించి చెబుతామని వెళ్లిపోయినవారే. లేఅవుటు వేసి రాళ్లు పాతి మాకు అమ్మిన మనిషి ఫోను ఎత్తడు. చివరికి పద్నాలుగు నెలలకు, అడిగిన ధరకు నాలుగో వంతు తగ్గించి అమ్మాను. ఆపరేషనుకు డబ్బు మా అల్లుడి దగ్గర తీసుకోవలసి వచ్చింది. కాగితం మీద నేను ఆస్తిపరుణ్ణే, ఆసుపత్రి బిల్లు కట్టే కిటికీ దగ్గర మాత్రం చేతిలో ఏమీ లేదు.

అందువల్ల పంచి పెట్టడమంటే పేర్లు ఎక్కువ ఉండటం కాదని నేను గ్రహించాను. ఒకే లేఅవుటులో రెండు సైట్లు ఉంటే అది ఒక్క సైటే. ఒకే బ్యాంకులో ఆరు ఫిక్సుడు డిపాజిట్లు ఉంటే అది ఒక్క డిపాజిటే. ఒక డిపాజిటుదారుకు ఒక బ్యాంకులో అసలు, వడ్డీ కలిపి 5 లక్షల వరకే డిపాజిట్ బీమా వర్తిస్తుంది. 2020 ఫిబ్రవరికి ముందు అది లక్ష మాత్రమే. మీ జీతం ఇన్నాళ్లూ ఈ ఊరి కర్మాగారం మీద ఆధారపడింది, మీ ఇల్లు ఈ ఊళ్లోనే ఉంది, ఇప్పుడు మిగిలిన డబ్బు కూడా ఈ ఊరి భూమిలోనే పెడితే, ఊరికి ఏ కష్టం వచ్చినా మూడూ ఒక్కసారే కుంగుతాయి. మీ బావమరిది మంచి మనసుతోనే చెప్పి ఉంటారు, కాదనను. అయితే నెల తిరిగేసరికి మీ వంటింట్లోకి బియ్యం తెచ్చిపెట్టేది వడ్డీయే గాని సైటు కాదు.

డబ్బును ఏ పథకం అని కాకుండా, ఎప్పుడు కావాలి అని అడిగి విభజించండి. రేపే కావలసినది, ప్రతి నెలా కావలసినది, పదేళ్ల తరువాత కావలసినది అని మూడు భాగాలు.

రేపే కావలసిన దాని విలువ నాకు 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను వచ్చినప్పుడు తెలిసింది. మా వీధిలో తొమ్మిది రోజులు కరెంటు లేదు, ఏటీఎంలు పనిచేయలేదు, పాల పాకెట్టు ఎంత చెబితే అంత. బ్యాంకులో లక్షలుండి, జేబులో నాలుగు వందలతో మంచినీళ్ల ట్యాంకరు కోసం నిలబడ్డాను. అప్పటి నుంచి ఒక నెల ఖర్చుకు సరిపడే నగదు బీరువాలో ఉంచుతాను. అది కాక 8 లక్షలు రెండు వేరు బ్యాంకుల్లో 4 లక్షల చొప్పున, ఒకటి, రెండు, మూడేళ్ల గడువులు వేసి డిపాజిట్లు చేసుకోండి. ఏటా ఒకటి చేతికి వస్తుంది, వడ్డీ కలిసినా బీమా హద్దు దాటదు.

ప్రతి నెలా కావలసిన దానికి మొదటి స్థానం సీనియర్ సిటిజన్ల పొదుపు పథకానిది. 2023 ఏప్రిల్ నుంచి దాని పరిమితి 30 లక్షలు, వడ్డీ 8.2 శాతం. ఖాతా తెరిచిన రోజున్న రేటే అయిదేళ్లూ ఉంటుంది, తరువాత ప్రభుత్వం తగ్గించినా మీకు తగ్గదు. రిజర్వ్ బ్యాంకు 2025 ఫిబ్రవరి, ఏప్రిల్, జూన్ నెలల్లో మూడుసార్లు రెపో రేటు (బ్యాంకులకు తాను అప్పిచ్చే వడ్డీ) తగ్గించి 6.5 నుంచి 5.5 శాతానికి తెచ్చింది. బ్యాంకులు ఇప్పటికే డిపాజిట్ల రేట్లు దించుతున్నాయి కాబట్టి ఈ పనిని వాయిదా వేయకండి. 30 లక్షలకు మూడు నెలలకొకసారి 61,500 వస్తుంది, అంటే నెలకు 20,500. ఒకే ఖాతాగా కాకుండా నెల, రెండు నెలల తేడాతో 10 లక్షల చొప్పున మూడు ఖాతాలు తెరవమని నా సలహా. మధ్యలో అవసరం పడితే ఒక్కటే మూయవచ్చు. ఏడాది లోపు మూస్తే ఇచ్చిన వడ్డీ వెనక్కి తీసుకుంటారు, రెండేళ్ల లోపైతే అసలులో ఒకటిన్నర శాతం, ఆ తరువాతైతే ఒక శాతం కోత పడుతుంది.

తరువాత పోస్టాఫీసు నెలవారీ ఆదాయ పథకంలో మీరిద్దరూ ఉమ్మడిగా 15 లక్షలు పెట్టవచ్చు. ఇప్పుడున్న 7.4 శాతం ప్రకారం నెలకు 9,250 వస్తుంది. ఇక 10 లక్షలు రిజర్వ్ బ్యాంకు మారే వడ్డీ బాండ్లలో పెట్టండి. వీటి వడ్డీ జాతీయ పొదుపు పత్రం రేటు కన్నా 0.35 శాతం ఎక్కువ, ప్రస్తుతం 8.05 శాతం. పై రెండింటిలో రేటు బిగించి ఉంటుంది, ఇందులో ఆరు నెలలకొకసారి మారుతుంది. రేట్లు తగ్గితే మొదటివి కాపాడతాయి, పెరిగితే ఇది అందుకుంటుంది. రేట్లు ఎటు పోతాయో నిక్కచ్చిగా చెప్పగలిగినవారు లేరు కాబట్టి రెండు వైపులా కాలు మోపడం మంచిది. అయితే వీటి గడువు ఏడేళ్లు, మీ వయసువారికి ఆరేళ్లు నిండేదాకా చేయి పెట్టే వీలుండదు. పెన్షనుతో కలిపి లెక్క వేస్తే నెలకు 41 వేల పైచిలుకు, మీ ఖర్చుకు చాలుతుంది.

మిగిలిన 15 లక్షలే అసలు చిక్కు. ధరలు ఏటా 6 శాతం పెరిగాయనుకుంటే పన్నెండేళ్లకు రెట్టింపవుతాయి. నేటి 38 వేల ఖర్చు మీ 72వ ఏట 76 వేలు, 84వ ఏట లక్షన్నర పైమాట. వడ్డీ మాత్రం అంతే ఉంటుంది. ఆ ఖాళీ పూడ్చడానికే మీ అబ్బాయి చెప్పిన మార్గం కొంత కావాలి, పూర్తిగా కాదు. 2020 జనవరిలో 42 వేలు దాటిన షేర్ల సూచీ సెన్సెక్స్ మార్చి 23న 26 వేల దిగువకు పడింది, మళ్లీ 2021 జనవరిలో 50 వేలు తాకింది. 2008 జనవరిలో 21 వేలు తాకినది అక్టోబరుకు తొమ్మిది వేల దిగువకు పడిపోయి, మళ్లీ ఆ ఎత్తు చూడటానికి 2010 నవంబరు దాకా పట్టింది. నెల ఖర్చుకు ఆ డబ్బు మీద ఆధారపడనివారు ఆగగలిగారు, ఆధారపడినవారు అడుగున అమ్ముకున్నారు. అందుచేత 12 లక్షలు ఒక ఇండెక్స్ ఫండులో (సెన్సెక్స్ వంటి సూచీలోని షేర్లన్నీ కొనే మ్యూచువల్ ఫండు) నెలకు 50 వేల చొప్పున రెండేళ్లలో పెట్టండి, 3 లక్షలు గోల్డ్ ఈటీఎఫ్‌లో (షేర్లలా కొని అమ్ముకునే కాగితపు బంగారం) ఉంచండి. ఇంట్లో ఉన్న నగలను ఈ లెక్కలో కలపకండి, వాటిని ఏ ఆడమనిషీ అమ్మనివ్వదు, అమ్మించకూడదు కూడా.

సమాధానం (ఎంవీపీ కాలనీ నుంచి)

పై వారు చెప్పిన దానితో చాలావరకు ఏకీభవిస్తున్నాను, ఒక్క విషయంలో తప్ప. ఎన్నడూ షేర్ల మొహం చూడని మనిషికి 12 లక్షలు ఎక్కువ. మొదటి ఏడాది 6 లక్షలతో ఆగి, ఒక్కసారైనా ధర పడినప్పుడు రాత్రి నిద్ర పట్టిందో లేదో చూసుకుని, అప్పుడు మిగతాది వేయండి. అప్పటిదాకా మిగతా ఆరు లక్షలు మరో రెండు బ్యాంకుల్లో మూడేసి లక్షలుగా, మీ శ్రీమతి గారి పేరున డిపాజిట్లుగా ఉండవచ్చు.

నేను ప్రభుత్వ పాఠశాలలో టీచరుగా చేసి రిటైరయ్యాను. మా వారు 2021లో పోయారు. డబ్బు వ్యవహారం అంతా ఆయనే చూసుకునేవారు. ఒక బ్యాంకులో ఆయన ఒక్కరి పేరున, నామినీ లేకుండా ఉన్న ఖాతా కోసం ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్టు, పిల్లల సంతకాలు, నోటరీ కాగితాలు పట్టుకుని పదకొండు నెలలు తిరిగాను. ఆ ఖాతాలో ఉన్నది 2 లక్షలే. ఒక పాలసీ ఉందన్న సంగతి ఆయన పాత చొక్కా జేబులో దొరికిన రశీదు వల్ల తెలిసింది. దయచేసి ప్రతి ఖాతా మీ శ్రీమతి గారితో ఉమ్మడిగా తెరిచి, నామినీ పేరు ఎక్కించి, రశీదు మీద ఆ పేరు ముద్రపడిందో లేదో కళ్లతో చూసుకుని రండి. సీనియర్ పథకంలో రెండో పేరుగా భార్య ఉండటానికి వయసు అడ్డు కాదు. మూడేళ్లకు ఆవిడకు 60 నిండాక తన సొంత పేరున వేరే ఖాతా తెరవవచ్చు, ఆవిడకూ విడిగా 30 లక్షల పరిమితి ఉంటుంది.

ప్రశ్న అడిగినవారి జవాబు

ఇద్దరికీ చేతులెత్తి నమస్కారాలు. మేడం గారి మాట మా ఆవిడకు చదివి వినిపించాను. నిన్ననే బ్యాంకులో పాలసీ వద్దని చెప్పి వచ్చాను. బావమరిదికి ఇంకా చెప్పలేదు, చెబుతాను. 12 లక్షలకు బదులు 6 లక్షలతోనే మొదలుపెడతాను. ఒక్క సందేహం: ఇంత వడ్డీ వస్తే పన్ను ఎంత పడుతుంది?

సమాధానం (అక్కయ్యపాలెం నుంచి)

వడ్డీ, పెన్షను కలిపి మీకు సంవత్సరానికి ఐదున్నర, ఆరు లక్షల మధ్య వస్తుంది. 2025-26 నుంచి కొత్త పన్ను విధానంలో 12 లక్షల వరకు ఆదాయానికి రిబేటు (పన్ను మాఫీ) ఉంది కాబట్టి పన్ను కట్టనక్కర్లేదు, కాని 4 లక్షలు దాటినందువల్ల రిటర్ను మాత్రం తప్పక వేయాలి. సీనియర్లకు ఒక బ్యాంకులో గాని పోస్టాఫీసులో గాని వడ్డీ ఏడాదికి లక్ష దాటితే ముందే పన్ను కోస్తారు. అది జరగకుండా ఖాతా తెరిచే రోజునే, పన్ను పడేంత ఆదాయం లేదని తెలిపే ఫారం (2025-26లో 15హెచ్) ఇవ్వండి, తరువాత ప్రతి ఏప్రిల్‌లోనూ కొత్తగా ఇవ్వాలి. మేడం గారి సవరణను నేనూ ఒప్పుకుంటున్నాను.

ఖాతాకు పాన్, ఆధార్ నకళ్లు, ఇద్దరి ఫోటోలు, చెక్కు తీసుకెళ్లండి, నగదు వద్దు. సీనియర్ పథకం వడ్డీ ఏప్రిల్, జూలై, అక్టోబరు, జనవరి మొదట్లో, బాండ్ల వడ్డీ జనవరి, జూలై ఒకటిన పడుతుంది. అందువల్ల జనవరి, జూలై నెలల్లో చేతినిండా డబ్బు కనిపించి, ఫిబ్రవరి, మార్చిలో వెలితి పడుతుంది. నేను పొడుగాటి లెక్కల పుస్తకంలో నెలకొక గడి గీసి, వచ్చింది ఎడమవైపు, తరువాతి నెలలకు పక్కన పెట్టింది కుడివైపు రాస్తాను. ఎనిమిదేళ్లుగా ఆ కుడివైపు గడి మా ఆవిడే నింపుతోంది. మీ ఇంట్లో కూడా ఆ పని ఆవిడ చేతికే ఇవ్వండి.