కుసుమకు ముళ్ళు ఉండాలా, అక్కర్లేదా?

నల్లరేగడి: ఈ రబీకి 3 ఎకరాల్లో ముళ్ళు లేని కుసుమ వేద్దామనుకుంటున్నా. మహారాష్ట్ర ఫల్టణ్‌లో తయారైన నారి-6 అనే రకమట. మా చిన్నాన్న మాత్రం ముల్లు లేనిది కుసుమే కాదంటున్నాడు. వేసినవాళ్ళు చెప్పండి.

గట్టుమీద: మీ చిన్నాన్న మాటే రైటు. శనగ చుట్టూ నాలుగు సాళ్ళు కుసుమ వేసేది దేనికి? పువ్వు కింది ఆ ముళ్ళ ఆకులకు జడిసి పశువులు లోపలికి రావు.

బోటనీ మాస్టారు: పువ్వు కిందివి ఆకులు కావండీ. రక్షక పత్రాలూ కావు, పుచ్ఛాలు. మనం ఒక్క పువ్వు అనుకునేది ఎన్నో చిట్టి పువ్వుల గుత్తి. మొగ్గలో ఆ గుత్తినంతా కప్పి కాచేవి ఇవే. బంతిపువ్వు కింద పచ్చ డొప్ప ఉంటుంది చూడండి, అది పుచ్ఛాలన్నీ అతుక్కుపోయినదే.

తెల్లవారుజాము: పేరేదైనా గుచ్చుకునేది మాకు సార్. మంచు ఆరితే ముళ్ళు బిరుసెక్కుతాయని మా అమ్మ చీకటితోనే కోతకు పోయేది. చేతులకు పాత గుడ్డలు, నడుముకు గోనెసంచి. పచ్చడి కలిపితే వేళ్ళు మండుతాయని చెంచాతో తినేది.

గట్టుమీద: ఇప్పుడు హార్వెస్టర్లు వచ్చాయి కదమ్మా.

తెల్లవారుజాము: గట్టు వెంట నాలుగు సాళ్ళకు హార్వెస్టర్ తెస్తారా?

బోటనీ మాస్టారు: పై ఆకుల అంచుల్లోనూ ముళ్ళుంటాయి లెండి. ఆ లెక్కన 'ముళ్ళ ఆకులు' అన్నా పూర్తిగా తప్పు కాదు.

గట్టుమీద: మాస్టారూ, కాసేపు ఆగండి. ముళ్ళు లేనిది నేనూ ఒకసారి వేశా. పక్క చేను మేకలు ఒక్క రాత్రిలో ఊడ్చేశాయి. పంచాయితీకి పోతే, కంచె వేసుకోలేదేమని నన్నే అడిగారు. ఇనుప కంచెకు డబ్బులెవరిస్తారు?

తెల్లవారుజాము: అదీ, ఇప్పుడు చెప్పారు అసలు సంగతి. కంచె డబ్బు మీకు మిగిలింది, ముళ్ళు కూలీల వేళ్ళలో దిగాయి. కుసుమ కోతకని ఒక్క పది రూపాయలు ఎక్కువిచ్చారా?

గట్టుమీద: శనగకు ఎంతో దీనికీ అంతే. ఊళ్ళో అందరూ ఇచ్చేది అంతే.

సీతాఫలం: రెండు రకాలూ పక్కపక్కన వేస్తే తేనెటీగలు పుప్పొడి కలిపేస్తాయి, విత్తనానికి దాచుకోకండి.

నల్లరేగడి: మధ్యలో ముళ్ళు లేనిది, గట్ల వెంట ముళ్ళది వేస్తా. గొడవ వద్దు.

తెల్లవారుజాము: ఆ గట్ల సాళ్ళు నువ్వే కోస్తావా అన్నా?

నల్లరేగడి: తాండూరులో తోలు గ్లౌజులు ఎక్కడ దొరుకుతాయో ఎవరికైనా తెలుసా?