మిరప గింజా, మిరియ గింజా?

పోపుల డబ్బా (కర్నూలు):
వంటింట్లో దినుసులన్నీ కొత్త గాజు సీసాల్లోకి మారుస్తున్నాను. పేర్లకు బదులు ఒక్కో సీసాకు ఒక్కో పద్యపాదం రాసి అతికిద్దామని సరదా పుట్టింది. మిరియాల దగ్గర ఆగిపోయాను. '... చూడ మీద నల్లగనుండు' అని వేమన పద్యం ఉంది కదా, దాని మొదటి మాట ఏది? బళ్లో 'మిరప గింజ' అని చదివినట్టు గుర్తు. మా అత్తగారు 'మిరియ గింజ' అంటారు. ఆమెదే సరైతే పాదం మిరియాల సీసాకు, కాకుంటే ఎండుమిరపకాయల డబ్బాకు. చీటీలు కత్తిరించి పెట్టుకున్నా, తొందరగా చెప్పండి.

పాత ప్రతి (కడప):
అచ్చులో ఎక్కువగా కనబడేది 'మిరప'నే.
'మిరపగింజ చూడ మీద నల్లగనుండు
గొరికి చూడ లోన జురుకుమనును
సజ్జనులగువారి సారమిట్లుండురా...'
అయితే అచ్చులో ఉన్నదంతా వేమన నోటి మాట అనుకోవద్దు. బ్రౌన్ దొర రాతప్రతులు పోల్చి 1829లో పుస్తకం వేసేనాటికే ఈ పద్యాలు జనం నోళ్లలో నాని నాని ఒక్కోచోట ఒక్కో రకంగా ఉన్నాయి.

ఆదోని అన్న:
పద్యం సంగతి తర్వాత. మిరప గింజ ఎప్పుడైనా నల్లగా ఉంటుందా? కాయ ఎండాక చీల్చి చూడండి, లేత పసుపు రంగు. నల్లగా ఉండేది మిరియమే. అత్తగారికే నా ఓటు.

గురులఘువు (అనంతపురం):
ఓట్లతో పద్యపాఠాలు తేలవప్పా. ఈ పద్యం ఛందస్సు ఆటవెలది, దాని మొదటి పాదంలో మూడు సూర్యగణాలు, రెండు ఇంద్రగణాలు. 'మిరప' నగణం, అంటే మూడు లఘువులు (పొట్టి అక్షరాలు); 'గింజ', 'చూడ' రెండూ గలాలు, అంటే ఒక గురువు (పొడుగు అక్షరం), ఒక లఘువు; ఈ రెండు రకాలూ సూర్యగణాలే, సరిపోయింది. మిరియం కావాలంటే వ్యాకరణం ప్రకారం 'మిరియపు గింజ' అనాలి. అప్పుడు వరసగా నాలుగు లఘువులు వచ్చి మొదటి అడుగులోనే గణం తప్పుతుంది. 'పు' తీసేసి 'మిరియ గింజ' అంటే గణం కుదురుతుంది గానీ సమాసం కుంటుతుంది. కాబట్టి 'మిరప'.

ఆదోని అన్న:
సమాసం కుంటితే వేమనకు పోయేదేముంది? ఆయన పండితుల కోసం చెప్పాడా?

గురులఘువు:
ఇదే వద్దనేది. వేమనకు వ్యాకరణం రాదనుకోవడం మనకు అలవాటైపోయింది. రెండో పాదం చూడండి. సంధి విడదీసి పాత రాతలో చదివితే 'కొఱికి' దగ్గర మొదలై, పాదం మొదటి అక్షరంతో కలవాల్సిన యతిస్థానంలో 'చుఱుకు' వచ్చింది. 'కొ'కూ 'చు'కూ యతి కుదరదు. అయినా రెండు మాటల్లోనూ రెండో అక్షరం బండి ఱ. మొదటి అక్షరాలకు బదులు రెండో అక్షరాలు కలిసే ప్రాసయతి! నాలుకకు మంట తగిలినట్టే ఉంటుంది ఆ ఱ-ఱ. అంత చెవి ఉన్నవాడికి 'పు' ఎక్కడ పెట్టాలో తెలియదా?

పాత ప్రతి:
ప్రాసయతి మాట నిజమే, మంచి పట్టు. కానీ 'మిరెపు గింజ' ఎందుకు కాకూడదు? గడియ 'గడె' అయినట్టు మిరియపు 'మిరెపు' అవుతుంది. మూడు లఘువులు, నగణం. గణమూ నిలిచింది, 'పు' కూడా నిలిచింది. రాసుకునేవాడు 'మిరెపు' అర్థంకాక 'మిరప' చేసి ఉంటాడు.

గురులఘువు:
అది మీ ఊహ. ఏ ప్రతిలో ఉంది?

పాత ప్రతి:
ఊహ అనే అన్నాను. 'మిరప' పాఠంలో నల్ల గింజ ఎక్కడి నుంచి వచ్చిందో మీరూ ఊహించి చెప్పండి మరి.

మెణసు (హిందూపురం):
ఇద్దరూ అనవసరంగా కొట్టుకుంటున్నారు. మా పక్క కన్నడంలో మెణసు అంటే మిరియం, మెణసినకాయి అంటే మిరపకాయ. తమిళంలో మిళగు మిరియం, మిళగాయ్ మిరపకాయ. 1498లో పోర్చుగీసు ఓడలు కోళికోడు చేరాక గానీ మిరప ఈ దేశం ముఖం చూడలేదు. కొత్త సరుకు పాత సరుకు పేరు ఎత్తుకుపోయింది. అలాంటప్పుడు తెలుగులోనూ 'మిరప' అనే మాట ముందు మిరియానిదే అయి ఉండొచ్చు కదా? వేమన 'మిరప' అన్నా ఆయన మనసులో ఉన్నది నల్ల మిరియమే.

పెన్నా ఒడ్డు (ప్రొద్దుటూరు):
మిరప రాకముందు అన్నారు కాబట్టి గుర్తొచ్చింది. శ్రీనాథుడు పల్నాడు పోయి కృష్ణుణ్ని సవాలు చేస్తాడే, 'ఫుల్లసరోజనేత్ర' అని! దావాగ్ని మింగానని నిక్కుతున్నావు గానీ, చింతచిగురు వేసి ఉడికించిన బచ్చలికూర జొన్నకూటితో ఒక్క ముద్ద దిగమింగు చూద్దాం అంటాడు. నిప్పు మింగినవాడికి పోటీగా చింతచిగురు పెట్టాడు పాపం. ఆయన కాలానికి మన కారం వచ్చి ఉంటే ఆ పద్యం వేరేగా ఉండేది. జొన్నకూడు తినలేక ఏడ్చిన కవిని సీమవాడిగా నేను క్షమించలేను గానీ, పద్యం మాత్రం ఎన్నిసార్లు చదివినా నవ్వొస్తుంది.

గురులఘువు:
శ్రీనాథుడికీ ఈ గింజకూ ఏం సంబంధం?

పెన్నా ఒడ్డు:
ఏమీ లేదు. బాగుందని చెప్పాను.

పోపుల డబ్బా:
అయ్యా, నా చీటీ?

ప్రొద్దుటూరు వదిన:
చీటీ సంగతి ఉండనీ, ఆ గాజు సీసాలు పొయ్యి పక్క అరలో పెట్టలేదు కదా? ఆవిరి తగిలితే పొడులు గడ్డకడతాయి, వెలుతురుకు కారం రంగు పాలిపోతుంది. ఇంగువకు గట్టి మూత ఉన్న డబ్బా వేరేగా ఉండాలి, లేకుంటే యాలకులు కూడా ఇంగువ వాసనే కొడతాయి. మిరియాలు గింజలుగానే ఉంచమ్మా. పొడి కొడితే కొన్నాళ్లకే ఘాటు పోతుంది. వేమన 'కొరికి చూడ' అన్నాడు గానీ 'దంచి చూడ' అనలేదు, గమనించండి. మిరపకాయలో కారమంతా గింజలు అంటుకుని ఉండే తెల్లటి ఈనెది. గింజకు పైన అంటుకున్న కారమే గానీ లోపల సొంతంగా ఉన్నది కాదు. మిరియానికైతే ఘాటు లోపలే. 'లోన' అన్న మాట ఒక్కటి చాలు, పద్యం మిరియానిదే.

పాత ప్రతి:
వదినగారి వాదం ముందు నా 'మిరెపు' చిన్నబోయింది. 'నల్లగ' దగ్గరే అందరం ఆగాం, 'లోన' ఎవరికీ తట్టలేదు.

గురులఘువు:
'లోన' అంటే నోటి లోపల అని కూడా చెప్పుకోవచ్చు. కొరికితే నోట్లో చురుక్కుమంటుంది. అప్పుడు మిరపకూ చెల్లుతుంది.

ప్రొద్దుటూరు వదిన:
'మీద' అన్నది గింజ మీద అయితే 'లోన' నోటి లోపల ఎట్లయితుంది నాయనా? మీదా లోనా రెండూ ఒకదానివే.

మిర్చి రైతు (కర్నూలు):
మిరప గింజ అసలు నల్లబడదనేది మాత్రం తప్పు. సరిగా ఆరని కాయలు మూటకడితే చెమ్మకు లోపల గింజలు నల్లబడతాయి. నేను కళ్లారా చూశాను.

ఆదోని అన్న:
అది బూజు పట్టిన సరుకన్నా. వేమన సజ్జనుణ్ని బూజు పట్టిన గింజతో పోలుస్తాడా?

మిర్చి రైతు:
పోల్చడు. ధర కూడా పలకదు.

పెన్నా ఒడ్డు:
ఇప్పుడైతే ఇంకో చిక్కు. మిరియాల్లో ఎండిన బొప్పాయి గింజలు కలుపుతున్నారు. మీద నల్లగానే ఉంటాయి, మిరియాల ఘాటు మాత్రం ఉండదు. నీళ్లలో వేస్తే మిరియాలు మునుగుతాయి, బొప్పాయి గింజలు తేలతాయి. సజ్జనుడెవడో దుర్జనుడెవడో గ్లాసులోనే తేలిపోతుంది.

మెణసు:
నా మాటకు ఎవరూ జవాబివ్వలేదు. 'మిరప' అంటే అప్పట్లో మిరియమే అని ఒప్పుకుంటే 'ప' ఉంచినా వదినగారి అర్థం వస్తుంది, గురువుగారి గణం కూడా నిలుస్తుంది. ఎవరికీ నష్టం లేదు.

పాత ప్రతి:
నష్టం ఉంది. 'మిరియము' అనే మాట తెలుగులో ముందు నుంచీ ఉండగా అదే అర్థానికి ఇంకో మాట ఎందుకు పుట్టిందో మీరు చూపించాలి. కన్నడంలో ఒక్క మెణసే రెండు పనులు చేసింది, మన దగ్గర రెండు మాటలున్నాయి.

మెణసు:
మిళగు, మిళగాయ్ లాగే మిరియం, మిరెపుకాయ, మిరపకాయ అనుకోండి. మీ 'మిరెపు'నే వాడుకుంటున్నా.

పాత ప్రతి:
అట్లయితే ముందు పుట్టింది 'మిరెపు' అని మీరే ఒప్పుకున్నట్టు.

గురులఘువు:
ఇద్దరూ కలిసినా ఒక్క రాతప్రతి కూడా చూపించలేదు. తాళపత్రంలో 'మిరెపు' చూపించండి, అప్పుడు మాట్లాడదాం.

పోపుల డబ్బా:
వదినా, ఇంగువ డబ్బాకు స్టీలు మంచిదా, గాజా?