"కుమ్మరించు"లో కుమ్మరి లేడు

ప్రశ్న: మా హనుమకొండ దిక్కు "వాన కుమ్మరిచ్చింది" అంటరు. కుమ్మరి కుండతోని పోసినట్టు పడ్డదని ఆ మాట పుట్టిందట, నిజమేనా? పోయు, వంపు, కుమ్మరించు మూడూ ఒకటేనా?

జవాబు: కుమ్మరికి సంబంధం లేదండీ. పాత రూపం "క్రుమ్మరించు". ప్రాత పాత అయినట్టు, మ్రాను మాను అయినట్టు ఇందులోనూ రావత్తు జారిపోయింది. కుమ్మరి సంస్కృత కుంభకారుడి నుంచి వచ్చినవాడు, ఆయనకు రావత్తు ఎక్కడిది? క్రుమ్మరు అంటే మళ్లు, తిరుగు. పాత్రను తిప్పి బోర్లించడమనే భావం అక్కడి నుంచే వచ్చిందని నాకనిపిస్తుంది.

ఇక తేడా అంటారా, గిన్నెలో ఏం మిగిలిందో చూడండి. కుమ్మరిస్తే ఏమీ మిగలదు. వంపితే మిగలాల్సింది మిగులుతుంది. పోయడానికి గిన్నెతో పనిలేదు, ఎక్కడ పడాలన్నదే దానికి ముఖ్యం. అందుకే బూడిదలో "పోసిన" పన్నీరు.

ఇంకో జవాబు: వంపుడంటే గంజి వంపుడే చూడుండ్రి. మెతుకు వేళ్ల నడుమ నలిపితే లోపల సన్నని పలుకు తగలాలె, అప్పుడు గంజు, అంటే వండే గిన్నె, దించాలె. మీద సిబ్బి పెట్టి, బట్టతోని రెండు దిక్కుల పట్టి మెల్లగ వంచాలె. ముందే వంపితే పలుకు ఉడకదు, ఆలస్యమైతే ముద్దయితది. వంపినంక సన్న మంట మీద కొంచెంసేపు పెడితే ఉమ్మగిల్లుతది. దీన్నే వేరే జిల్లాల "వార్చు" అంటరు. వారు అంటే కారు, ప్రవహించు. దాన్ని చేయించేది వార్చు. వంపులో కనబడేది గిన్నె వంగుడు, వార్పులో గంజి కారుడు.

పోసేది నీళ్లే కానక్కరలేదు. ఒడిబియ్యం పోస్తరు, తలంబ్రాలు పోస్తరు, నారు పోస్తరు, అట్లు పోస్తరు. అమ్మవారికి సాక, అంటే మొక్కుకుని ధారగ పోసే నీళ్లు, పోస్తరు. మేడారంల సమ్మక్కకు కూడ ఒడిబియ్యం సమర్పిస్తరు. "ఒడిబియ్యం కుమ్మరిచ్చిన్రు" అంటే మాత్రం ముత్తైదువలు నవ్వుతరు.

మరొకరు: రాసేటప్పుడు తప్పు జరిగేది పోయు, పోవు దగ్గర. "ప్రాణం పోసింది" అంటే బతికించింది, "ప్రాణం పోయింది" అంటే చచ్చిపోయిండు. పోస్తది, పోతది, పోయక, పోక, పోయనీ, పోనీ. ఒక్క అక్షరం జారితే డాక్టరు హంతకుడైతడు.

కన్నడంలో పోయడాన్ని హొయ్యు అంటారు, పాతది పొయ్. పాలు అక్కడ హాలు అయినట్టే ఇదీ. తెలుగులో పకారం నిలిచింది, కానీ ద్రుతం (మాట చివర వచ్చే నకారం) తర్వాత బకారమైంది: పారన్ + పోయు, పారబోయు. ఆరబోయు, ఒలకబోయు కూడా అంతే. ఈమధ్య "పార పోశారు" అని విడదీసి రాస్తున్నారు. అలా రాస్తే పలుగు, పార గుర్తొస్తాయి.