మెల్‌బోర్న్ కప్‌లో బరువు ముఖ్యమా, స్టాల్ నంబరా?

ప్రశ్న: ఆస్ట్రేలియాలో జరిగే మెల్‌బోర్న్ కప్ గుర్రపు పందెంలో ఒక్కో గుర్రానికి ఒక్కో బరువు ఎందుకు? స్టాల్ (గుర్రం పరుగు మొదలుపెట్టే గేటు గది) బాగా బయటి వైపు పడితే ఇక ఆశ వదులుకోవాల్సిందేనా?

జవాబు 1: ఇది హ్యాండిక్యాప్ రేసండి. పాత ఫలితాలు చూసి మంచి గుర్రానికి ఎక్కువ బరువు వేస్తారు. జాకీతో పాటు జీను కూడా లెక్కలోకి వస్తుంది. తక్కువ పడితే జీను కింది బట్ట జేబుల్లో సీసం పలకలు పెడతారు. పరుగయ్యాక మళ్లీ తూకం తప్పదు. మకైబీ దివా అనే గుర్రం 2003లో 51 కిలోలతో, 2005లో 58 కిలోలతో గెలిచింది. 3200 మీటర్లు ఆ అదనపు 7 కిలోలు మోసి గెలవడం అసాధారణం.

జవాబు 2: స్టాల్ గురించి మరీ కంగారొద్దు. ఈ రేసు జరిగే ఫ్లెమింగ్టన్ మైదానంలో మొదటి మలుపు చాలా దూరం, లోపలికి సర్దుకోవడానికి టైముంటుంది. అసలు ప్రమాదం జాకీ తొందరపడటమే. మొదట్లోనే పరిగెత్తించి ముందుకు దూరితే చివరి 450 మీటర్ల స్ట్రెయిట్‌లో (మలుపుల్లేని తిన్నని దారిలో) దమ్ముండదు. అలాగని మలుపులన్నీ బయటే తిరిగితే దూరం పెరుగుతుంది, ముందు గుర్రం లేక గాలంతా తనే చీల్చాలి. లోపలి స్టాల్‌కీ చిక్కుంది: 24 గుర్రాల మధ్య రైలింగ్ పక్కన ఇరుక్కుంటే దారి దొరకదు.

జవాబు 3: వేగం కూడా చూడండి. నెమ్మదిగా సాగే రేసులో కొన్ని గుర్రాలు కళ్లెం గుంజుతూ సగం శక్తి అక్కడే పోగొట్టుకుంటాయి. నేనైతే స్టాల్ కంటే ముందు ప్రశాంతంగా పరిగెత్తే గుర్రమేనా అని చూస్తాను.