పేగుల్లో అడ్డు ఎందుకు పడుతుంది? బెంగళూరులో ఉన్నవాళ్ళు మీ అనుభవాలు చెప్పండి

మారతహళ్ళి కోడలు:
మా అత్తయ్య కర్నూలు నుంచి వచ్చి నెల కాలేదు. మొన్న రాత్రి మెలిపెట్టే కడుపునొప్పి, పసరు వాంతులు, పొట్ట డప్పులా ఉబ్బింది. గ్యాస్ కూడా పోలేదు. సీటీ తీసి చిన్న పేగులో అడ్డు పడిందన్నారు. ముక్కులోంచి గొట్టం వేసి సెలైన్ పెట్టారు. ఇక్కడి తిండి పడకే ఇలా అయిందని ఆడపడుచు ఏడుస్తోంది. నిజమేనా?

హెబ్బాళ నర్సక్క:
తిండి వల్ల కాదమ్మా. ఆవిడ పొట్ట మీద పాత కుట్లున్నాయా?

మారతహళ్ళి కోడలు:
ఉన్నాయక్కా, గర్భసంచి తీశారు. కానీ అప్పటికి మా ఆయన ఇంకా బళ్ళో చదువుతున్నారు!

హెబ్బాళ నర్సక్క:
ఎన్నేళ్ళయినా రావచ్చు. సర్జరీ వార్డులో మేము ముందు వెతికేది ఆ మచ్చే. ఆపరేషన్ తర్వాత పేగుల మధ్య పీచు పొరలు పుడతాయి, అడిహెషన్స్ అంటారు. చాలామందికి ఏ బాధా ఉండదు. కొందరికి ఎప్పుడో పేగు వాటిలో ఇరుక్కుని మడత పడుతుంది. ఎక్కువసార్లు గొట్టం, సెలైన్‌తోనే విడిపోతుంది. జ్వరమొచ్చినా, నొప్పి విడవకుండా ఉన్నా పేగుకి రక్తం అందడం లేదేమోనని చూస్తారు. అప్పుడు ఆపరేషన్ అంటే వద్దనకండి.

కేఆర్ పురం సెంట్రింగ్:
మా నాయనకి ఏ ఆపరేషనూ కాలేదు, గజ్జల్లో హెర్నియా. పడుకుంటే లోపలికి పోయేది. ఒకరోజు పోలేదు, ముట్టుకోనివ్వలేదు, వాంతులు. లోపల ఇరుక్కున్న పేగు నల్లబడితే ఆ ముక్క కోసేశారు. బరువులెత్తే అన్నలూ, గజ్జల్లో ఉబ్బు ఉంటే ముందే చూపించుకోండి.

వైట్‌ఫీల్డ్ నాన్న:
పసిపిల్లలకీ వస్తుంది. మావాడికి ఏడాది నిండకముందు ఒక పేగు పక్క పేగులోకి దూరింది. కాళ్ళు ముడుచుకుని ఏడవడం, కాసేపు ఊరుకోవడం, మళ్ళీ ఏడుపు. డైపర్‌లో రక్తం కలిసిన జిగురు. అల్ట్రాసౌండ్‌లో కనిపించింది. కింది నుంచి గాలి పంపి సరిచేశారు, కోయలేదు.

హిందూపురం చిన్నోడు:
మా పెదనాన్నది పెద్ద పేగు. కొన్నాళ్ళుగా మలబద్ధకం, బరువు తగ్గడం. తీరా చూస్తే క్యాన్సర్ గడ్డ. అక్కా, మా పెద్దమ్మ అప్పట్లో ఆముదం తాగిద్దామంది. తాగించొచ్చా?

హెబ్బాళ నర్సక్క:
వద్దు నాయనా! దారి మూసుకుపోయినప్పుడు విరేచనాల మందు ఇస్తే పేగు ఇంకా గట్టిగా నెడుతుంది, చిల్లు పడొచ్చు. పెద్ద పేగు అడ్డుకి క్యాన్సరే ముఖ్య కారణం. పెద్ద వయసులో పేగు మెలిక పడటమూ ఉంది. మన దేశంలో పేగు టీబీ కేసులూ చూస్తాం. ఇంకోటి, ఒకసారి విరేచనమైందని ధైర్యపడకండి, అడ్డుకి దిగువనున్నది బయటికొస్తుంది. పొట్ట ఉబ్బి, వాంతులై, గ్యాస్ ఆగితే ట్రాఫిక్ తగ్గాక వెళ్దామనుకోవద్దు, 108కి ఫోన్ చేయండి.

మారతహళ్ళి కోడలు:
అక్కా, పొద్దున గ్యాస్ పోయింది! గుక్కెడు నీళ్ళు ఇచ్చారు. ఆడపడుచు కూడా కుదుటపడింది. ఇంటికొచ్చాక ఏం పెట్టను?

హెబ్బాళ నర్సక్క:
చల్లటి కబురు చెప్పావు తల్లీ. డాక్టరు సరేనన్నాక మెత్తటి మజ్జిగన్నం, ఇడ్లీ, కొంచెం కొంచెంగా. ములక్కాడ, పనస తొనలు, కమలాపండు పిప్పి కొన్నాళ్ళు పెట్టకు. సీటీ రిపోర్టు కర్నూలు వెళ్ళేటప్పుడు ఆవిడ సంచిలోనే పెట్టు.