పాత బాక్‌స్టర్‌కు టైర్లు: స్టుట్‌గార్ట్ వచ్చిన గుంటూరు తమ్ముడి ప్రశ్న, జవాబులు

ప్రశ్న (గుంటూరు బ్రాడీపేట, ఇప్పుడు జర్మనీలోని స్టుట్‌గార్ట్):
పెద్దలకు నమస్కారం. ఉద్యోగం మీద ఇక్కడికి వచ్చి మూడు నెలలయింది. 2003 నాటి పోర్షా బాక్‌స్టర్ ఎస్ స్పోర్ట్స్ కారు కొన్నాను. ముందు 225/40 ఆర్18, వెనక 265/35 ఆర్18 టైర్లున్నాయి. బటన్లు (టైరు మీది గాళ్ల మధ్య ఎత్తు భాగాలు) బాగానే కనిపిస్తున్నాయి కానీ, వాన పడితే వెనక చక్రాలు జారుతున్నాయి. వెనక రెండూ మారిస్తే చాలా? ఏ కంపెనీవి కొనమంటారు?

జవాబు (విజయవాడ పటమట; స్టుట్‌గార్ట్‌లో పదకొండేళ్లు ఉండి వచ్చాను):
తమ్ముడూ, కంపెనీ సంగతి తరువాత చూద్దాం, ముందు ఆ టైర్లు ఎప్పుడు తయారయ్యాయో చూడండి. టైరు పక్కన డీఓటీ అన్న అక్షరాల వరుస చివర నాలుగు అంకెలుంటాయి. 2315 అని ఉంటే 2015లో 23వ వారంలో తయారైందని అర్థం. ఆ అంకెలు తరచుగా టైరుకు ఒక వైపే ఉంటాయి కనుక, బయట కనిపించకపోతే కారు కిందికి వంగి లోపలి వైపు వెతకండి. మన ఆటోనగర్‌లో టైరు మార్చారంటే అది గుండు అయిందనే అర్థం. ఇటువంటి కార్లేమో ఏడాదిలో ఎక్కువ కాలం షెడ్డులోనే ఉంటాయి, బటన్లు అరగవు, రబ్బరు మాత్రం ఏటికేడు గట్టిపడి తడి రోడ్డు మీద పట్టు వదిలేస్తుంది. ఆరేళ్లు దాటిన టైరును ఈ కారుకు నేను ఉంచను.

రెండో మాట, లోపలి అంచు. మలుపుల్లో పట్టు కోసం ఈ కారు వెనక చక్రాలను పైభాగం లోపలికి వంగేలా అమర్చారు కనుక లోపలి అంచు ముందుగా అరుగుతుంది. నాది కూడా ఇదే కారు. నిలబడి చూస్తే బటన్లు నిండుగా ఉండేవి. ఒకరోజు చక్రం వెనక్కు చెయ్యి పోనిచ్చి తడిమితే వేలికి టైరు లోపలి ఉక్కు తీగ గుచ్చుకుంది. అదే టైరు మీద ముందురోజు ఆటోబాన్‌ (ఇక్కడి హైవే) మీద గంటకు 200 కిలోమీటర్లు దాటి వెళ్లానన్న సంగతి తలచుకుంటే ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది. టైర్లు మార్చిన రోజే వీల్ అలైన్‌మెంట్ కూడా చేయించండి.

నాలుగూ ఒకే కంపెనీవి, ఒకే రకంవి వేయించండి. పోర్షా పరీక్షించి ఒప్పుకున్న టైర్ల మీద ఎన్0, ఎన్1 వంటి గుర్తు ఉంటుంది, అవే కొనండి.

జవాబు (గుంటూరు అరండల్‌పేట, ఇప్పుడు మ్యూనిక్):
తమ్ముడూ, మీరు అడగవలసింది ఇంకొకటి ఉంది: తీసిన టైర్లు ఎక్కడ పెడతారు? వేసవి టైర్ల రబ్బరు 7 డిగ్రీల కంటే తగ్గితే బిగుసుకుపోతుంది. రోడ్డు మీద మంచు ఉన్నప్పుడు శీతాకాలపు టైర్లు లేకుండా నడిపితే 60 యూరోల జరిమానా, డ్రైవింగ్ రికార్డులో ఒక పాయింటు పడతాయి. ఆ టైర్ల మీద పర్వతం, మంచు రేకు ఉన్న గుర్తు తప్పనిసరి. ఎం+ఎస్ (బురద, మంచు) అన్న అక్షరాలు మాత్రమే ఉన్నవి 2024 అక్టోబరు నుంచి చెల్లవు. అంటే వేసవివి, శీతాకాలపువి మార్చుకుంటూ ఉండాలి, ఎప్పుడూ నాలుగు టైర్లు మీ ఇంట్లో ఉంటాయి.

మొదటి ఏడాది నేను వాటిని సెల్లారు నడవాలో గోడ వారగా పేర్చాను. వారం తిరగకుండా ఇంటి యజమాని నుంచి ఉత్తరం వచ్చింది, దారికి అడ్డమని. బాల్కనీలోకి చేర్చాను. రబ్బరు వాసన వస్తోందని రెండో ఉత్తరం వచ్చింది. క్షమాపణ చెప్పి పడకగదిలో అట్టలు పరిచి పెట్టుకున్నాము. ఖాళీ చేసే రోజున ఆయన టార్చి పట్టుకుని మోకాళ్ల మీద కూర్చుని బాల్కనీ నేల మీది నల్లటి వలయాలను ఒక్కొక్కటిగా ఫొటో తీసి, అడ్వాన్సులో 180 యూరోలు పట్టుకున్నారు. అప్పటి నుంచి టైర్ల షాపువాళ్లు నడిపే రైఫెన్‌హోటల్‌లోనే ఉంచుతున్నాను. ప్రతి చక్రం మీద సుద్దతో ముందు ఎడమ, వెనక కుడి అని రాయించుకోండి.

ఎన్ గుర్తు విషయంలో మాత్రం పటమట అన్నగారితో ఏకీభవించలేను. అది కంపెనీ సిఫారసే, చట్టం కాదు. కొలత, లోడ్ ఇండెక్స్ (ఎంత బరువు మోస్తుందో తెలిపే అంకె), స్పీడ్ అక్షరం (ఎంత వేగానికి తట్టుకుంటుందో తెలిపేది) సరిపోతే చాలు.

జవాబు (విజయవాడ మొగల్రాజపురం, ఇప్పుడు కొలోన్):
ఇన్ని ఇబ్బందులెందుకు? ఆల్ సీజన్ టైర్లు వేయించండి. ఇక్కడ మంచు తక్కువ, నేను ఆరేళ్లుగా అవే వాడుతున్నాను.

జవాబు (పటమట):
కొలోన్ తమ్ముడూ, మీది ముందు చక్రాలకు ఇంజను శక్తి అందే కారు. బాక్‌స్టర్‌లో ఇంజను సీట్ల వెనక ఉంది, వెనక చక్రాలు పట్టు తప్పితే కారు గిర్రున తిరిగిపోతుంది, సర్దుకునే వ్యవధి ఉండదు. 260 కిలోమీటర్ల వేగం అందుకునే కారుకు వేసవిలో డబ్ల్యూ లేదా వై అక్షరం ఉన్న టైర్లే కావాలి. మ్యూనిక్ తమ్ముడు చట్టం గురించి చెప్పింది నిజమే, నేను కాదనను. కానీ ఎన్ గుర్తున్న టైరును పోర్షా వాళ్లు తమ కార్ల మీద వేసి పరీక్షించి ఉంటారు. కొత్తగా కారు చేతికొచ్చిన కుర్రవాడికి నేను ఆ భరోసానే ముందు చూస్తాను.

ప్రశ్న అడిగినవారు:
అందరికీ కృతజ్ఞతలు. ఇప్పుడే కిందికి వెళ్లి చూశాను. ముందువి 3617, వెనకవి 1914. వెనక కుడి టైరు లోపలి అంచు తడిమితే బటనే లేదు, నున్నగా ఉంది. నాలుగూ ఎన్ గుర్తున్నవే చెప్పాను, శనివారం అలైన్‌మెంట్‌తో పాటు వేస్తామన్నారు. అప్పటిదాకా ఆఫీసుకు రైల్లో వెళతాను.