‘కత్తెరతో కత్తిరించుకున్నట్టు’: రస్కోల్నికోవ్ ఒంటరితనం గురించి

దొస్తోయెవ్‌స్కీ 1866లో వెలువరించిన ‘నేరము – శిక్ష’ నవల రెండవ భాగంలో, నెవా నది వంతెన మీద నిలబడిన కథానాయకుడు రస్కోల్నికోవ్‌కు ఆ క్షణాన తనను తానే అందరి నుంచీ అన్నిటి నుంచీ కత్తెరతో కత్తిరించుకున్నట్టు అనిపించిందన్న వాక్యం ఒకటి ఉన్నది. చర్చకు ఈ మాటను ప్రతిపాదిస్తున్నాను. మూలంలో ‘తానే’ అన్న మాట ప్రత్యేకంగా నొక్కి చెప్పినది. తెలుగులో ‘కత్తిరించుకొను’ అనగానే ఆ భావం క్రియలోనే ఇమిడిపోతుంది గనుక పాఠకుడు దానిని గమనించకుండా దాటిపోవచ్చు.

వడ్డీవ్యాపారి ముసలమ్మను, ఆమె చెల్లెలు లిజవేతాను అతడు గొడ్డలితో చంపినప్పుడు రాని ఈ వాక్యం ఒక భిక్ష దగ్గర రావడం నాకు ఆశ్చర్యం కలిగిస్తుంది. బండి కింద పడబోయి, బండివాని కొరడాదెబ్బ తిని, వీపు రుద్దుకుంటూ నిలబడ్డ అతణ్ణి బిచ్చగాడనుకుని ఒక వర్తకుని భార్య క్రీస్తు పేరు చెప్పి చేతిలో ఇరవై కోపెక్కుల నాణెం పెడుతుంది. అతడు పుచ్చుకుని, పది అడుగులు నడిచి, విద్యార్థిగా ఉన్నప్పుడు ఎన్నోసార్లు ఆగి చూసిన చోటునే ఆగి, కొంతసేపటికి పిడికిలి విప్పి నాణెం వంక చూసి నీళ్లలోకి విసిరేస్తాడు. అదే అధ్యాయంలో, కొంచెం ముందు, మిత్రుడు రజుమీఖిన్ అనువాదం పని, దానితో పాటు మూడు రూబుళ్లు ఇస్తే తీసుకుని వెళ్లినవాడు, దారిలోంచి తిరిగి వచ్చి రెండూ బల్ల మీద పెట్టి మాట్లాడకుండా వెళ్లిపోతాడు.

ఇవ్వడానికి మాత్రం ఇతనికి చేయి వెనకాడదు. పరిచయస్తుడైన తాగుబోతు మర్మెలాదోవ్ చనిపోయిన రాత్రి, తల్లి పంపిన డబ్బులో మిగిలిన ఇరవై రూబుళ్లు ఆ కుటుంబానికి ఇచ్చేస్తాడు. ఆ వెంటనే తానింకా బతికే ఉన్నానన్న ఉత్సాహం కూడా పొందుతాడు. ఇచ్చేవాడు పైమెట్టు మీదనే ఉండవచ్చు, ఎవరికీ లోబడనవసరం లేదు. పుచ్చుకోవాలంటే మరొక మనిషి అవసరం తనకున్నదని ఒప్పుకోవాలి. అసాధారణులకు సామాన్య ధర్మం వర్తించదన్న సిద్ధాంతాన్ని, సాలెపురుగులా మూలన నక్కి ఉన్నానని తానే మర్మెలాదోవ్ కూతురు సోన్యాతో చెప్పుకున్న ఆ ఇరుకు గదిలో పెంచి పోషించినవాడికి అది హత్యకంటే కష్టమైన పని. హత్యకు ముందే అతడు మనుషులను దూరం పెట్టాడు, అప్పుడది అతని గర్వం. హత్య తరువాత దగ్గరకు రాబోయినా రాలేడు. అతని పేరుకు మూలమైన ‘రస్కోల్నిక్’ అంటే 17వ శతాబ్దంలో రష్యన్ చర్చి నుంచి చీలిపోయిన వర్గంవాడు. మన ‘వెలి’ అన్న మాట గుర్తుకు వస్తుంది గాని, వెలి ఊరు వేసేది, ఇది తాను వేసుకున్నది.

ఈ దృష్టితో చూస్తే, నేరం ఒప్పుకున్న ఘట్టంకంటే సోన్యా ఇచ్చే సైప్రస్ చెట్టు కొయ్యతో చేసిన శిలువ నాకు ముఖ్యంగా తోస్తుంది. ఐదవ భాగంలో దానికోసం చేయి చాపి వెంటనే వెనక్కు తీసుకుని, ఇప్పుడు కాదంటాడు. ఆరవ భాగం చివర, పోలీసు కార్యాలయానికి వెళ్లేముందు, పరిహాసమాడుతూనే, ఆమె మెడలో వేస్తుంటే వేయించుకుంటాడు. సైబీరియా చెరలో అతని మార్పును చూపే నవల ఉపసంహారం అతికించినట్టున్నదనే విమర్శ నాకు సగం సమ్మతమే. అయినా పుచ్చుకోవడం అతనికి అక్కడ కాదు, ఈ శిలువ దగ్గరనే మొదలైందని నా అభిప్రాయం. సభ్యులు వంతెన ఘట్టాన్ని మరొకసారి చదివి తమ అభిప్రాయం తెలుపగలరు.